ఏడో వరసలో ఎవరూ మర్చిపోరు

నమోదు 1
బహుళ పంచమి

ఇవాళ పెసరట్లు లేవు. పిండి ఉంది, అల్లం ఉంది, తినేవాళ్లు నీళ్ల మీద తేలే మా పంటు ఇంటి అంచున కాళ్లు వేళ్లాడేసుకుని కూర్చున్నారు. పొయ్యి మాత్రం వెలగనంది. దానికి పాస్‌వర్డ్ కావాలట. నా పాస్‌వర్డ్‌లన్నీ దాచిపెట్టే మేనేజర్ పేరు భోషాణం. ఆ కంపెనీ నిన్న మూతపడింది. పోతూ పోతూ ఒక కబురు పంపింది. ఇన్నేళ్లూ తమను నమ్మినందుకు ధన్యవాదాలట, అమావాస్యలోగా ఇంకో మేనేజర్‌ను ఎంచుకోవాలట, లేకపోతే నా తాళాలన్నీ బిగుసుకుపోతాయట. అంతవరకూ దయతలిచి రోజుకు ఒక బిందె మంచినీళ్లు, సాయంత్రం కాసేపు పొయ్యి. వాళ్ల దయ తగలెయ్య. పొద్దున్నే అట్లు పోసి బతికేదానికి సాయంత్రం పొయ్యి ఇస్తే ఏం చేసుకోను?

నా చిన్నప్పుడు వేలు పెడితే తలుపు తెరుచుకునేది, మొహం చూపిస్తే కుళాయి వచ్చేది. తర్వాత వేళ్లకూ మొహాలకూ గొంతులకూ నకిలీలు పుట్టుకొచ్చాయి. ఎవడో మా మేనమామ మొహం పెట్టుకుని మా మేనమామ పడవ అమ్మేశాడు. కొన్నవాడు దాన్ని మా మేనమామకే అద్దెకిచ్చాడు. అప్పటినుంచి ఏదైనా సరే, నోటితో చెప్పే మాటే తాళంచెవి. పొయ్యికొకటి, కుళాయికొకటి, తలుపుకొకటి, పంటును కట్టే గొలుసుకొకటి. రాసి పెట్టుకుంటే నేరం. పైగా అమావాస్యకల్లా మార్చుకోవాలి, అదీ పాతది చెబితేనే కొత్తది పెట్టుకోనిస్తారు.

కాబట్టి మేనేజర్ తప్పదు. చూద్దాం, ఎవరు దొరుకుతారో.

నమోదు 2
బహుళ సప్తమి

గుప్తి కంపెనీ ఏజెంటు కిరీటి గారు పడవలో వచ్చారు. చొక్కా మడత నలగలేదు. నా వంటగదిలోకి వస్తూనే గోడలకు చెవులుంటాయేమో అన్నట్టు చూశారు. గుప్తిని నమ్మినవాళ్ల ఇంట్లోకి ఇంతవరకు చీమ కూడా దూరలేదన్నారు. మా ఇంట్లో చీమలకు ఇంతవరకు పాస్‌వర్డ్ అడిగినవాళ్లు లేరన్నాను. 

గుప్తి పద్ధతి ఏమిటంటే, నా పాస్‌వర్డ్‌లన్నీ అదే పుట్టిస్తుంది, అదే గుర్తుంచుకుంటుంది. నేను గుర్తుంచుకోవలసింది ఒక్కటే, మాస్టర్ పాస్‌వర్డ్. అది చెబితే మిగతావన్నీ తెరుచుకుంటాయి. బాగానే ఉంది కదా అని మా అమ్మ పేరు చెప్పాను. పనికిరాదంది. ఇలవేల్పు పేరు చెప్పాను. అసలే పనికిరాదంది. గుత్తివంకాయ అన్నాను. వంటల పేర్లు ఎవరైనా ఊహించగలరట. పుట్టినరోజు వద్దు, ఊరి పేరు వద్దు, తిట్టు అసలే వద్దు, ఎందుకంటే ఈ ప్రాంతంలో అందరూ అవే తిట్లు వాడతారట. ఆ మాట మాత్రం నిజం.

దేవుడూ వద్దు, అమ్మా వద్దు, కూరా వద్దు, తిట్టూ వద్దు అంటే మనిషి బుర్రలో ఇంకేం ఉంటుందండీ అని అడిగాను. మీ బుర్రలో లేనిదే కావాలి మేడం, అప్పుడే భద్రం అన్నారు కిరీటి గారు.

నా బుర్రలో లేనిదాన్ని నేను గుర్తుపెట్టుకోవాలి. వినడానికి ఎంత తేలికో.

నమోదు 3
బహుళ నవమి

నిన్నా ఇవాళా ఉచితమిత్ర అనే ఇంకో మేనేజర్ వాడి చూశాను. డబ్బు అడగదు. దాని బదులు కుళాయి తిప్పే ముందు ఒక ప్రకటన వినిపిస్తుంది. బిందె నిండేలోపు మోకాళ్ల నూనె, సముద్రపు ఉప్పు లేని సబ్బు, వధూవరుల సమాచారం, మళ్లీ మోకాళ్ల నూనె. పొయ్యి వెలిగించబోతే, అల్లం ఎక్కువ వాడుతున్నారు కాబట్టి మీకు అజీర్తి ఉండొచ్చు, ఈ చూర్ణం చూడండి అంది. నేను అల్లం ఎంత వేస్తున్నానో దానికెలా తెలిసిందని అడిగితే, మీ గోప్యత మాకు ప్రాణంతో సమానం అని సమాధానం చెప్పింది.

తీసి నీళ్లలో పారేద్దామంటే, పారేయడానికి కూడా పాస్‌వర్డ్ కావాలట.

మధ్యాహ్నం పక్కపంటు సుభద్రాయమ్మ పిన్నిగారు పేకాటకు రమ్మని కేకేశారు. పిన్నిగారు డెబ్బై దాటిన మనిషి. మా ఏడో వరస పంటుల్లో ఎవరి పెళ్లిలో ఎవరు అలిగారో, ఎవరింట్లో చారులో ఉప్పు ఎక్కువైందో, పాతికేళ్లవైనా తేదీలతో చెబుతుంది. పేకాటలో ఏ ముక్క ఎవరి చేతిలో ఉందో కూడా ఆవిడకు తెలుస్తుంది, అందుకే ఆవిడతో ఎవరూ గెలవరు. నేను ఈ వరసకు వచ్చిన కొత్తలో తుపాను వస్తే, నా పంటుకు గొలుసు లేదని తన పంటుకు కట్టించుకుంది. తర్వాత ఆ విషయం ఏడాదిపాటు అందరికీ చెప్పింది. మంచిదే కానీ నోరు ఆగదు.

ఆడుతూ నా గోడు చెప్పుకున్నాను. ఆవిడ ముక్కలు సర్దుకుంటూ, "ఊరికే కంగారు పడతావేటే హైమా, ఏదో ఒకటి కొనేసుకో. తర్వాత సంగతి తర్వాత చూద్దాం" అంది. తర్వాత సంగతి ఏమిటో నాకు అర్థం కాలేదు.

నమోదు 4
బహుళ ఏకాదశి

నలుగురినీ అడిగి ఎంచుకుందామని వరసంతా తిరిగాను. ఎవరిది వాళ్లకు గొప్ప. మొదట వరస సంఘం అధ్యక్షుడు సూరపరాజు గారిని కలిశాను. ఆయనది గుప్తిలో వజ్రకవచం పథకం. దాని కథ చెప్పడం మొదలుపెడితే కాఫీ చల్లారిపోయింది. తన మాస్టర్ పాస్‌వర్డ్‌ను కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదట, పోయేటప్పుడు తనతోనే పోతుందట. చెబుతూ చెబుతూ నీళ్లు తాగుదామని కుళాయి దగ్గరకు వెళ్లారు. నిలబడ్డారు. కుళాయిని చూశారు, పైకప్పును చూశారు. ఇప్పుడే వస్తానండి, కాస్త పెరుగు తోడు తెచ్చుకోవాలి అని గిన్నె పట్టుకుని బయలుదేరారు.

నీళ్ల కోసం వెళ్లినవాడికి పెరుగు తోడు ఎందుకు? ఊరుకోలేక వెనకే వెళ్లాను. పిన్నిగారి కిటికీ దగ్గర అప్పటికే ఇద్దరు గిన్నెలతో నిలబడి ఉన్నారు. సూరపరాజు గారి వంతు వచ్చింది. ఆయన గిన్నె చాపారు. పిన్నిగారు చెంచాడు తోడు వేస్తూ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన పెదవులు కదిపి రెండుసార్లు వల్లె వేసుకుని, గబగబా వెళ్లిపోయారు. తోడు గిన్నె కిటికీలోనే మర్చిపోయారు.

ఇన్నేళ్లుగా పొద్దున్నే ఆ కిటికీ దగ్గర జనం చేరడం చూస్తున్నాను. నా చేతులు పిండిలో ఉండే వేళ కాబట్టి పట్టించుకోలేదు. ఏడో వరసలో ఒక్కళ్లింట్లోనూ పెరుగు తోడుకోదేమిటా అని మాత్రం అనుకునేదాన్ని.

జనం వెళ్లాక అడిగాను. ఆవిడ దాచలేదు. పట్నం వెళ్తూ పక్కింట్లో తాళాలు ఇచ్చి వెళ్లమా, అలాగే ఒకరు చెప్పారట, వాళ్లను చూసి ఇంకొకరు చెప్పారట. ఇప్పుడు వరసలో ఉన్న మాస్టర్ పాస్‌వర్డ్‌లన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి. గుప్తి వాళ్లవీ, ఉచితమిత్ర వాళ్లవీ, వజ్రకవచం వాళ్లవీ. అవి వింటే ఒక్కదానికీ అర్థం పర్థం ఉండదని నవ్వింది. ఎవరిదేమిటో ఒక్కటైనా చెప్పమని బతిమాలాను. ఊళ్లో వాళ్ల కడుపులో చల్ల కదలకుండా కాపాడుతున్నవి చెప్పేస్తానా అని నా మీదే కేకలేసింది. పక్కింటి కోడలు పుట్టింటికి ఎందుకు వెళ్లిందో మాత్రం అడక్కుండానే చెప్పింది.

నమోదు 5
బహుళ ద్వాదశి

గుప్తి తీసుకున్నాను. అన్నిటికన్నా తక్కువ విసిగించేది అదే. మాస్టర్ పాస్‌వర్డ్ కోసం కిరీటి గారు పూటంతా కూర్చున్నారు. చివరికి నాకే అర్థం కాని ఒక వాక్యం అన్నాను. అద్భుతం మేడం, ఇది మీరు కూడా ఊహించలేరు అన్నారు. ఆయన పడవ ఎక్కేలోపు సగం మర్చిపోయాను. పూర్తిగా పోకముందే పిన్నిగారి కిటికీ దగ్గరకు పరుగెత్తి చెప్పేశాను. ఆవిడ విని, ఇదేం వాక్యమే, నీకు జ్వరం గానీ వచ్చిందా అంది.

ఎంచుకోవడం అంటే ఇంతేనని తెలిస్తే ఇన్ని రోజులు తిరిగేదాన్ని కాదు. కంపెనీ ఏదైనా దారి అందరిదీ ఆ కిటికీకే.

నమోదు 6
బహుళ త్రయోదశి

పొద్దున అట్లు బాగా పోశాను. సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. గోప్యతా శాఖ తనిఖీ అధికారి పరాంకుశం గారు లాంచీలో దిగారు, పక్కన కిరీటి గారు.

సంగతేమిటంటే, గుప్తి కంపెనీకి అసలు రాబడి పాస్‌వర్డ్‌లు దాచినందుకు కాదట, మర్చిపోయినవి తిరిగి ఇచ్చినందుకట. అన్ని వరసల్లో జనం తెగ మర్చిపోతారు, డబ్బు కట్టి కొత్తది తెచ్చుకుంటారు. ఏడో వరసలో మాత్రం ఒక్కరూ మర్చిపోరు. కంపెనీకి అనుమానం వచ్చింది. జనం మర్చిపోకపోతే అది నేరం కిందే లెక్క. కిటికీ దగ్గర మాటలు వినే యంత్రం పెట్టి పిన్నిగారు చెప్పేవి విన్నారు, ఆవిడకు ఎవరు చెప్పారో మాత్రం దానికి దొరకలేదట. మా పిన్నిగారు మాటలు చెప్పడం కనిపెట్టడానికి యంత్రం కావాలా? కళ్లు మూసుకుని పక్కన నిలబడితే చాలదా?

పరాంకుశం గారు పిన్నిగారిని సూటిగా అడిగారు, వరసలో వాళ్ల పాస్‌వర్డ్‌లు మీకు తెలుసా అని. ఆవిడ తొణకలేదు. "ఆయ్, తెలుసండి. అందరియ్యీ తెలుసు" అంది. ఎలా తెలుసంటే, చెప్పారు కాబట్టి తెలుసంది.

రేపు సంఘం పంటు మీద విచారణ. నియమం చదివి వినిపించారు. తన పాస్‌వర్డ్ తానే ఇంకొకరికి చెప్పినవాళ్లకు ఏడాదిపాటు తాళం హక్కు రద్దు, అంటే ఇంట్లో దేనికీ తాళం ఉండకూడదు. ఎవరూ చెప్పలేదని తేలితే పిన్నిగారు దొంగిలించినట్టే. దొంగిలించినవాళ్లను బురదగట్టు శిబిరానికి పంపుతారు. అక్కడికి పంపిన ముసలివాళ్లు తిరిగి రావడం ఇంతవరకు మేం చూడలేదు.

వంట చేయలేకపోతున్నాను. తాళం హక్కు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. మూడో వరసలో ఒకాయనకు అలా తీసేస్తే, నెల తిరిగేసరికి ఇంట్లో చాపలు కూడా మిగల్లేదు. పట్టుకుపోయినవాళ్లంతా తలుపులకు తాళాలు వేసుకునే మర్యాదస్తులే. నా బియ్యం, నా నూనె, నా నీళ్లు అన్నీ ఈ వంటగదిలోనే ఉన్నాయి. భయంగా ఉంది. కానీ అందరం కలిసి చెబితే అంతమంది తాళాలు ఎవరు తీసేస్తారు? సూరపరాజు గారు అధ్యక్షుడు కదా, ముందు ఆయన చెబితే చాలు.

నమోదు 7
చతుర్దశి

ముందు ఆయనే చెప్పారు. చెప్పలేదని.

చేయి గుండెల మీద పెట్టుకుని, కట్టుకున్న భార్యకే చెప్పనివాణ్ని, పక్కవాళ్లకు చెబుతానా అన్నారు. ఆయన భార్య కూడా అదే అంది, నాకే చెప్పలేదండి అని. తర్వాత ఒక్కొక్కరే లేచారు. చెప్పలేదు. చెప్పలేదు. మేం పెరుగు తోడు కోసమే వెళ్లేవాళ్లం. ఒకావిడ అయితే ఏడ్చేసింది, ఇన్నాళ్లూ మా మాటలు గోడకు చెవి ఆనించి విన్నారా పిన్నిగారూ అని. ఆ ఏడుపు చూస్తే నేనే నమ్మేసేదాన్ని.

పిన్నిగారు చాప మీద కూర్చుని ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది.  ఆవిడ తలుచుకుంటే అక్కడికక్కడ ఒక్కొక్కరి పాస్‌వర్డ్ చదివి పరువు తీయగలదు. తీయలేదు.  పరాంకుశం గారు కలం తీశారు.

నేను లేచి, నా మాస్టర్ పాస్‌వర్డ్ నేనే చెప్పానండి, నా నోటితోనే చెప్పాను అన్నాను.  ఆయన కళ్లజోడు సవరించుకుని, ఏడాదిపాటు తాళం హక్కు పోతుంది, తెలిసే అంటున్నారా అని అడిగారు. తెలిసే అంటున్నానన్నాను. రాసుకున్నారు. అంతే, అయిపోయింది. తాళం ఎటూ పోయింది, నోరైనా ఎందుకు కట్టుకోవాలి అనిపించింది.

"అయ్యా, వీళ్లయి పిన్నిగారు దొంగిలించిందన్నారు కదా. పోయిన సొత్తేంటో సొంతదార్లని అడగండి. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు మీ చెవిలో చెప్పమనండి. ఒక్కరు చెప్పినా నేను నోరు మూసుకుంటాను" అన్నాను.

అధికారికి ఆ మాట నచ్చింది, ఎందుకంటే అది విధానంలో ఉందట. సూరపరాజు గారిని దగ్గరకు పిలిచి చెవి చాపారు. సూరపరాజు గారు వంగారు. నోరు తెరిచారు.  అలవాటుగా పిన్నిగారి వైపు చూశారు. ఆవిడ పైకప్పు వంక చూస్తోంది. ఆయన తర్వాత వచ్చినవాళ్లూ అంతే. వరస వరసంతా వచ్చి, అధికారి చెవి దగ్గర ఊపిరి వదిలి వెళ్లారు.

సొంతదారుకే తెలియని సొత్తు దొంగతనమైనట్టు రాయడానికి ఆయన దగ్గర కాలమ్ లేదు. చాలాసేపు పుస్తకాలు తిరగేసి, తీర్పు రాశారు. దొంగతనం రుజువు కాలేదు. అయినా ఇకమీదట సుభద్రాయమ్మ గారు ఎవరి పాస్‌వర్డూ తెలియనట్టు మెలగవలెను. ఒక్కటి తెలిసినట్టు కనిపించినా బురదగట్టే. చెప్పలేదన్న వాళ్లందరి మీదా ఏ చర్యా లేదు, వాళ్లు నియమాలు పాటించిన పౌరులు. చెప్పినదాన్ని నేను కాబట్టి శిక్ష నాకు.

గుప్తి మనుషులు సాయంత్రమే వచ్చి నా తాళాలన్నీ విప్పుకుపోయారు. ఇప్పుడు తాళం లేదు కాబట్టి నా మాస్టర్ పాస్‌వర్డ్ ఏమిటో ఇక్కడ చెబుతున్నాను. ‘గవర్నరు కింద చలిని మూడుసార్లు ఉతికి బెండకాయకు అప్పగించాను.’ ఇది కూడా ఇందాక పిన్నిగారిని అడిగితేనే తెలిసింది. నాది చెప్పొచ్చట, నేను చెప్పానని రికార్డులో ఉంది కాబట్టి.

నమోదు 8
అమావాస్య

రాత్రి నిద్ర పట్టలేదు. తలుపు గాలికి కొట్టుకుంటూనే ఉంది. తెల్లారి చూస్తే బియ్యం ఉంది, నూనె ఉంది, ఏదీ పోలేదు. దొంగలు రాకపోవడానికి కారణం కాసేపటికి తెలిసింది. వరసలో ఎవరూ తమ ఇంట్లోంచి బయటకు రాలేకపోయారు, బయట ఉన్నవాళ్లు లోపలికి వెళ్లలేకపోయారు.

పాతది చెబితేనే కొత్తది పెట్టుకోనిచ్చే రోజు కదా, అర్ధరాత్రి నుంచే తాళాలన్నీ పాతది అడుగుతున్నాయి. పాతది పిన్నిగారికి తప్ప ఎవరికీ తెలియదు, ఆవిడేమో చెప్పకూడదు. కిటికీలోంచి దూరినవాళ్లు దూరారు, పడవల మీదకు దూకినవాళ్లు దూకారు. నీళ్లు లేవు, పొయ్యిలు లేవు. తాళం లేని కుళాయి, తాళం లేని పొయ్యి ఏడో వరసలో నాకొక్కదానికే ఉన్నాయి. పొద్దెక్కేసరికి అందరూ నా పంటు మీదే ఉన్నారు. మొదట గుమ్మం దగ్గర ఆగారు. తలుపు తీసి ఉన్న ఇంట్లోకి ఎలా వెళ్లాలో మర్చిపోయినట్టున్నారు. చెప్పులు బయట విడిచి రమ్మన్నాను. నిన్న ఏడ్చినావిడ బిందె పట్టుకుని వచ్చి నా మొహం చూడకుండా నీళ్లు పట్టుకుంది. పట్టుకోనిచ్చాను. దాహం వేసినవాళ్లతో ఏం పోట్లాడతాం? కానీ పెసరట్టు మాత్రం డబ్బులిస్తేనే వేశాను, అదీ అంచు మాడినవి చూసి.

పిన్నిగారు పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఒక్కొక్కరే గిన్నె పట్టుకుని ఆవిడ దగ్గరకు చేరారు. ఆవిడ అందరికీ చెంచాడు తోడు వేసింది. చెవిలో మాత్రం ఏమీ చెప్పలేదు.

నీళ్ల మీద గుప్తి కంపెనీ పడవ వచ్చి ఆగింది, కిరీటి గారు అందులో నిలబడి, మర్చిపోయినవాళ్లు ఇటు రావాలండి అని పిలుస్తున్నారు. చొక్కా ఇవాళ కూడా నలగలేదు. దానికి అటువైపు పరాంకుశం గారి లాంచీ ఉంది.

అందరూ తిన్నాక సూరపరాజు గారు మెల్లగా వచ్చి పిన్నిగారి పీట పక్కన గొంతుక్కూర్చున్నారు. మనవరాలు లోపల ఉండిపోయిందని, తలుపు తెరుచుకోవడం లేదని, కిటికీలోంచి అట్టు అందించి వచ్చానని చెప్పారు.  ఒక్కసారి, ఒక్కటే ఒక్కసారి ఆ మాట చెప్పమన్నారు.

పిన్నిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెబితే బురదగట్టు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"పోనీ పిన్నిగారూ, నేను మీకు చెప్పానని ఒప్పుకుంటున్నానండి. నా బుద్ధి గడ్డి తింది. ఇప్పుడైనా చెప్పండి" అన్నారు ఆయన.

పిన్నిగారు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నా దగ్గర ఒప్పుకుంటే ఏం లాభమండీ రాజు గారూ? మీరు చెప్పారని నాకు తెలుసు కదా. తెలియంది ఆ లాంచీలో ఆయనకి. అక్కడ చెప్పండి, ఇక్కడ నేను చెబుతాను."

ఆయన లేచారు. పంటు అంచుకు వెళ్లి నిలబడ్డారు. ఒకవైపు లాంచీ ఖాళీగా ఉంది, పరాంకుశం గారు ఒక్కరే కునుకు తీస్తున్నారు. ఇంకోవైపు కంపెనీ పడవ దగ్గర ఏడో వరసంతా డబ్బు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన అటూ ఇటూ చూసి, జేబు తడుముకుని, వెళ్లి ఆ వరస చివర నిలబడ్డారు.